గీకలేదు, కడిగినాం

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ల్యాబుకు టీ వచ్చింది. రోజూ ఆ వేళకే వస్తుంది. గ్లౌజులు తీసేసి రెండు గుక్కలు తాగి, అంతకుముందు పెట్టిన పరీక్ష ఏమైందో చూద్దామని లేచాను. డ్యాము నుంచి ఫిల్టరు బెడ్లలోకి పోయే నీళ్లలో నాచు విషం ఎంత ఉందో, బెడ్లు దాటి వచ్చిన నీళ్లలోనూ ఇంచుమించు అంతే ఉంది. నేనే పొరపాటు పడ్డానేమోనని మిగిలిన శాంపిల్‌తో మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారీ అదే వచ్చింది. టీ చల్లారిపోయింది.

అంతకుముందు కొన్ని వారాలుగా బెడ్లు దాటిన నీళ్లలో ఆ విషం దాదాపు కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది. ఎవరో ఏదో చేశారు అనుకున్నాను. ఎవరన్నదే తేలాలి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదువుతారని రాస్తున్నాను కాబట్టి కొంచెం వెనక నుంచి చెబుతాను.

నేను తిరుపతిలో తాగునీటి పరీక్షల ల్యాబులో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. చంద్రగిరి దాటి కొండల వైపు పోతే ఒక చిన్న డ్యాము ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు తాగేనీళ్లు అక్కడి నుంచే పోయేవి. డ్యాము పక్కనే రెండు ఇసుక బెడ్లు. పాత పద్ధతి. నీళ్లు ఇసుక మీద నిలబడి మెల్లగా కిందికి దిగుతాయి, ట్యాంకులో చేరతాయి, అక్కడ క్లోరిన్ కలిపి ఊళ్లకు వదులుతారు. వానలు ఆలస్యమైన ఏడు డ్యాములో నీళ్లు అడుగంటి, పైన పచ్చటి నాచు తెట్టు కట్టేది. ఒడ్డున రంగు డబ్బా ఒలకబోసినట్టు ఉండేది. అలాంటి ఒక ఏడు ఆ ఒడ్డున నీళ్లు తాగిన గొర్రెలు చచ్చిపోయాయి. పక్క ఊరివాళ్లు మందు పెట్టారని గొర్రెల కాపరి పోలీసు కేసు పెట్టాడు. ఆ గొడవలో నీళ్లు మా ల్యాబుకు వచ్చాయి. మందు పెట్టింది నాచేనని మేము రాసిచ్చాం. కాపరి మా మాట నమ్మలేదు. పక్క ఊరివాళ్లు మాకు డబ్బులిచ్చారని అన్నాడు.

ఆ నాచు విషం మరిగించినా పోదు. నాచును చంపే మందు చల్లితే నాచు చస్తుంది గానీ, చస్తూ తన లోపలి విషాన్ని నీళ్లలోకి వదిలేస్తుంది. ఇసుక నాచును ఆపుతుంది, నీళ్లలో కరిగిపోయిన విషాన్ని ఆపలేదు. అందువల్ల మా డిపార్టుమెంటుకు ఏం చేయాలో తెలియలేదు. సరిగ్గా అప్పుడు యూనివర్సిటీ నుంచి ఒక మైక్రోబయాలజిస్టు వచ్చారు. నడివయసు మనిషి, చిత్తూరు వైపు ఆమె. ఆ డ్యాము బురదలోనే ఈ విషాన్ని తిని బతికే బ్యాక్టీరియా ఉందని, దాన్ని వేరుచేసి పెంచానని, ఇసుక బెడ్లలో పోస్తే అక్కడే కాపురం పెట్టి నీళ్లలోని విషాన్ని తినేస్తుందని చెప్పారు. ఇసుక మీద కొన్నాళ్లకు జిగటగా ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొరే వాటి ఇల్లు.

మా పెద్ద ఇంజనీరు ఆమెకు అనుమతి ఇచ్చాడు. ఇచ్చి నన్ను పిలిచి, "ఆమె లెక్కలు ఆమెవి. నువ్వు విడిగా చెక్ చెయ్. నమ్మొద్దు" అన్నాడు. అంటే ఆమెను నమ్మకపోవడం నాకు అప్పగించిన పని. నాకు అది కష్టమనిపించలేదు. కెమిస్టు ఉద్యోగమే అది. సీసా మీద రాసింది నమ్మకూడదు, లోపల ఉన్నదే చూడాలి.

బెడ్ల దగ్గర పనిచేసేవాళ్లు కూడా నమ్మలేదు. వాచ్‌మన్ ఒకడు ఉండేవాడు, చిత్తూరు దగ్గరి పల్లె మనిషి, నోరు ఊరికే ఉండదు. ఆమె ఫ్లాస్కుల్లోంచి పచ్చగా మడ్డిలా ఉన్నదాన్ని బెడ్ మీద పోయించిన రోజు అతను అడిగాడు.

"ఏం మేడం, ఈ పురుగుల్ని మేము తాగాల్నా ఇంక?"

"మీ దాకా రావప్పా. బెడ్లోనే ఉంటాయి. దాటి వచ్చిన ఒకటీ అరా క్లోరిన్‌కి చస్తాయి."

"పగలూ రాత్రీ ఈడనే పనిజేస్తాయా?"

"చేస్తాయి."

"జీతం ల్యాకుండా?"

"లేకుండానే."

"అట్టయితే అవుట్‌సోర్సింగ్ అని సెప్పండి మేడం. మా వాళ్లే." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు. నేను మాత్రం ఫ్లాస్కు అడుగున మిగిలిన మడ్డిని నా సీసాలోకి పట్టుకున్నాను, అందులో ఇంకేమైనా కలిపారేమో చూడటానికి.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఇసుక మీద ఏర్పడే ఆ పొరను ప్లాంటులో అందరూ పాచి అంటారు. నీళ్ల జోరు తగ్గినప్పుడు బెడ్ ఎండగట్టి, పారలతో పైపొర తీసేస్తారు. దాన్ని పాచి గీకడం అంటారు. ఆమెకు ఆ మాట నచ్చలేదు. "పాచి అనొద్దు, మీగడ అనండి" అని చెప్పి చూశారు. వాచ్‌మన్ ఒప్పుకోలేదు. "మీగడంటే నాలుక సాస్తాం మేడం. దీన్ని సూస్తే కడుపులో తిప్పతాది." మాట మారలేదు. మన ఇళ్లలో పాచి అంటే ఏమిటో మీకు తెలుసు. పాచి పళ్లు, పాచి మొహం, పాచి గిన్నెలు. పొద్దున లేవగానే మొదట వదిలించుకోవలసింది.

అయినా ఆమె చెప్పినదాన్ని వాళ్లు పాటించారు. తాను చెప్పేదాకా బెడ్ గీకకూడదు అన్నారు. అందరూ ఏఈ అని పిలిచే అసిస్టెంట్ ఇంజనీరు గోడ మీద పెద్ద అక్షరాలతో 'బెడ్ గీకరాదు' అని రాయించాడు. అక్కడి పారలు తీసి స్టోర్‌రూములో పెట్టేశారు.

వారాలు గడిచేకొద్దీ విషం తగ్గుతూ వచ్చింది. నేను నమ్మలేదు. మధ్యలో ఒక వాన పడింది, నీళ్లు పలుచబడ్డాయేమో అనుకున్నాను. శాంపిల్ పట్టే రోజు ముందే తెలిసి ఎవరైనా మంచినీళ్లు నింపుతున్నారేమో అనుకుని, చెప్పకుండా పోయి నేనే పట్టుకొచ్చాను. అయినా తగ్గింది. ప్లాంటు నడిపే ఆపరేటరు ఆమె చెప్పినట్టు నాకు ఏ కొళాయి దగ్గర పట్టాలో చూపిస్తున్నాడేమోనని వేరే చోట పట్టాను. అక్కడా తగ్గింది. నా అనుమానాలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. ఇంక నమ్మక తప్పదేమో అనుకుంటున్న సమయంలో, దసరా సెలవులు అయిన తర్వాత పట్టిన శాంపిల్లో మొత్తం విషం తిరిగి వచ్చింది.

అసిస్టెంట్ ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బైపాస్ తెరిచినాడు సార్ ఆపరేటరు. ఇంకేముంటాది? వారంగా నీళ్లు ఎట్ల పోతాండాయో తెలుసా మీకు? చివరి ఊర్లో కొళాయి తిప్పితే బకెట్టు ఎగిరి పడతాందంట. గీకని బెడ్లో నుంచి అంత జోరు ఎట్లొస్తాది?"

బైపాస్ అంటే బెడ్లతో పనిలేకుండా డ్యాము నీళ్లను నేరుగా ట్యాంకులోకి పంపే వాల్వు. అత్యవసరానికి పెట్టింది. ఊళ్లలో నీళ్లు సరిపోక గొడవ చేస్తే గుట్టుగా దాన్ని తిప్పడం ఆ ప్లాంట్లలో ఎరగని సంగతి కాదు. గీకకపోవడం వల్ల అప్పటికే నెల రోజులుగా జోరు తగ్గింది, ఊళ్లవాళ్లు ఆపరేటరుకు ఫోన్లు చేసి తిడుతున్నారు. అన్నీ సరిపోయాయి. ఆ సాయంత్రానికే సరఫరా ఆపి ఊళ్లకు ట్యాంకర్లు పంపించారు. ఆపరేటరును తీసేయాలని అసిస్టెంట్ ఇంజనీరు పైకి రాశాడు. సోమవారం మీటింగులో తేలుస్తామన్నారు.

మర్నాడు ఆపరేటరు నన్ను వెతుక్కుంటూ ల్యాబుకు వచ్చాడు. చంద్రగిరిలో ఉండే సాయిబుల కుటుంబం. ప్లాంటులో అందరూ భాయ్ అని పిలుస్తారు. కాంట్రాక్టు మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అల్లా తోడు సార్, నేను వాల్వు ముట్టుకోలే."

"నీళ్లు జోరుగా పోయినాయా లేదా?"

"పోయినాయి సార్. శానా బాగా పోయినాయి. తిట్టినోళ్లే ఫోన్ జేసి మెచ్చుకున్నారు."

"ఎట్లా పోయినాయి మరి?"

"బెడ్ బాగుండాది సార్. అందుకు పోయినాయి."

"బెడ్‌ను మీరు ఏమైనా చేశారా?"

"ఏం జేస్తాం సార్? గీకొద్దన్నారు, గీకలే. పారలు స్టోర్లోనే ఉండాయి, వచ్చి చూసుకోండి."

నేను అతని మొహం చూస్తూ ఉన్నాను. అబద్ధం చెప్పేవాడు ఇంత తేలిగ్గా నీళ్లు జోరుగా పోయాయని ఒప్పుకోడు. లేదా, ఒప్పుకుంటే నమ్ముతారని తెలిసి ఒప్పుకుంటున్నాడు. రెండూ నాకు ఒకేలా కనిపించాయి.

"తీసేస్తే ఏం చేస్తావు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మా బావమరిదికి పరుపుల కొట్టుండాది సార్. దూది ఏకేదానికి రమ్మంటాడు. మా నాయన ఆ పనిజేసే పోయినాడు. దగ్గి దగ్గి. నాకూ ఆ దుమ్ము పడదు. ఒక పూట కూచున్నా రాత్రంతా ఊపిరాడదు. నీళ్ల పక్కన పనని ఈడ చేరినా."

అతను పోయాక నేను ఆ శాంపిల్ చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాను. అది ముందే చేయవలసింది, తొందరలో చేయలేదు. బైపాస్ తెరిస్తే డ్యాము నీళ్లు నేరుగా వస్తాయి, నాచు కూడా రావాలి. చుక్కలో నాచు లేదు. ఎంత వెతికినా లేదు. అంటే నీళ్లు ఇసుకలోంచే వచ్చాయి. ఇసుక నాచును ఆపింది. ఆ ఇసుకలో విషాన్ని తినేవి మాత్రం లేవు.

ఆమెకు ఫోన్ చేశాను. అరగంటలో వచ్చారు. మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. కళ్లు ఎత్తకుండానే, "చచ్చిపోయినాయి" అన్నారు. తర్వాత, "పదండి, పోదాం" అన్నారు.

జీపులో ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. వాటిని చంపింది ఎవరై ఉంటారని నా మనసు పేర్లు వెతుకుతూ ఉంది. సరఫరా ఆగితే లాభపడే ట్యాంకర్లవాళ్లు. నాచు మందు అమ్మడానికి మా ఆఫీసు చుట్టూ తిరిగి విసిగిపోయిన ఏజెంటు. పురుగుల నీళ్లు వద్దని ధర్నా చేసిన ఊరి యువకులు. చంద్రగిరి కోట కనిపించే మలుపులో ఆమె అడిగారు.

"మీకు మొదటినుంచీ నా మీద నమ్మకం లేదు గదా?"

"నా పని అది."

"శాంపిల్ సీసాలన్నీ మీ దగ్గరే ఉంటాయి."

సీసాల్లో నేనే ఏదో చేశానేమోనని ఆమె అనుమానమని నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "ఉంటాయి" అన్నాను.

"నేనేమీ అనడం లేదు."

"మీరు అన్నారు."

ఇద్దరిలో ఎవరికీ కోపం లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ని.

ప్లాంటు గేటుకు రెండు వైపులా కట్టిన అరటి చెట్లు వాడి ఎండిపోయి ఉన్నాయి. గేటు ముందు పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు నల్లబడి, కుంకుమ ఇంకా అంటి ఉంది. పంపు మోటార్లకు పసుపు బొట్లు, చామంతి దండలు. వాల్వుల చక్రాలకు బొట్లు. బైపాస్ వాల్వు చక్రానికి కూడా బొట్టు ఉంది, చెరగలేదు. తిప్పి ఉంటే పసుపు చేతికి అంటుకుని చెరిగిపోయేది. నేను అది చూసి ఆమెకు చెబుదామని తిరిగాను. ఆమె అప్పటికే బెడ్ గట్టు మీద నిలబడి ఉన్నారు.

సరఫరా ఆపడం వల్ల బెడ్లో నీళ్లు లేవు. ఇసుక తెల్లగా ఉంది. జిగట పొర ఎక్కడా లేదు. అప్పుడే తెచ్చి పోసిన కొత్త ఇసుకలా ఉంది.

"ఎవరు గీకినారప్పా?" అని అడిగారు ఆమె. గొంతు పెద్దది చేయలేదు.

వాచ్‌మన్ గోడ మీది అక్షరాలు చూపించాడు. "గీకలే మేడం! మీరు సెప్పినాక ఎవరు గీకతారు? కడిగినాం."

"కడిగినారా?"

"ఆయుధ పూజ గదా మేడం. పండక్కి కడక్కుంటే ఎట్టా? మోటర్లు తుడిసినాం, పైపులకు రంగేసినాం, బెడ్లు మాత్రం పాసి పట్టి అట్నే వదిలేస్తే సూసేదానికి బాగుంటాదా? పైపు బెట్టి నీళ్లు గొట్టినాం, పరకలతో ఊడ్సినాం. ఇద్దరు దిగి తొక్కినారు. పాసంతా పైకి తేలిపోయినాది. సూడండి ఎట్టుండాదో, అద్దం మాదిరి."

"ఉత్త నీళ్లేనా?"

"బ్లీచింగ్ సల్లినాం మేడం. సంచి ఉన్నింది, రెండు బెడ్లకూ సరిపాయె."

ఆమె గట్టు మీద కూర్చున్నారు. గుప్పెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నలిపి చూసి కింద వదిలేశారు. ఇసుక పొడిగా జారింది.

ఆపరేటరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె అతన్ని అడిగారు. "నువ్వు కూడా ఉన్నావా కడిగేటప్పుడు?"

"పైపు పట్టుకున్నింది నేనే మేడం."

"మరి సార్ అడిగినప్పుడు, ఏఈ అడిగినప్పుడు, ఏమీ చేయలేదని ఎందుకు చెప్పినావు?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "పూజకు కడిగినామని సెప్పేదేముండాది మేడం? ఏటా కడగతాం. ఏఈ సారు గూడా ఉన్నాడు గదా ఆ పొద్దు."

"టెంకాయ కొట్టింది సారే" అన్నాడు వాచ్‌మన్. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. వెనక తెల్లగా మెరిసే బెడ్, ముందు అసిస్టెంట్ ఇంజనీరు, చేతిలో పగిలిన టెంకాయ చిప్పలు.

నేను ఆ ఫొటోను చాలాసేపు చూశాను. బెడ్ కడిగినట్టు అతనికి తెలుసు. కడిగిన బెడ్లోంచి నీళ్లు జోరుగా పోతాయని ఇంజనీరు చదువు చదవనివాడికి కూడా తెలుసు. అయినా బైపాస్ అన్నాడు. అతనికి తట్టలేదా, తట్టకూడదనుకున్నాడా, ఆపరేటరు పోస్టులో పెట్టుకోవడానికి వేరే మనిషి ఉన్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే చెప్పేదాన్ని నేను నమ్మను కాబట్టి అడగలేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. సోమవారం మీటింగుకు ఎవరు రిపోర్టు రాస్తారని అడిగాను. "నేను రాస్తాలెండి" అన్నారు. అంతకంటే చెప్పలేదు.

ఆ రెండు రోజులూ నాకు ఆమె మీదే అనుమానం. కారణం చెబుతాను. ఆపరేటరు బైపాస్ తెరిచాడని తేలితే ఆమె బ్యాక్టీరియాకు మచ్చ రాదు. మనిషి తప్పు చేశాడు, పద్ధతి మంచిదే అని ట్రయల్ కొనసాగుతుంది. బెడ్ కడిగితే చచ్చిపోయాయని రాస్తే, అంత సున్నితమైనవాటి మీద ఊళ్ల నీళ్లు ఆధారపడతాయా అని మొత్తం ఎత్తేస్తారు. ఎన్నో ఏళ్లు బురదలోంచి ఏరుకుని, పెంచుకుని ఇంతదాకా తెచ్చిన పని ఆమెది. అవతల ఒక కాంట్రాక్టు మనిషి. ఆమె అబద్ధం రాయనక్కరలేదు కూడా. కడిగిన సంగతి రాయకుండా ఊరుకుంటే చాలు. నా వైపు నుంచి మైక్రోస్కోపులో చూసింది రాసిపెట్టుకున్నాను. కానీ కెమిస్టు మాట, ఇసుకలో ఏం జరిగిందన్నదాని మీద, ఆమె మాట ముందు నిలవదు.

సోమవారం మీటింగు పెద్ద ఇంజనీరు గదిలో. ఆపరేటరును బయట వరండాలో నిలబెట్టారు. పెద్ద ఇంజనీరు మంచివాడే. ఎవరికీ నొప్పి కలగకుండా పని ముగించాలనుకునే మనిషి. ముందే ఒక దారి వేసిపెట్టాడు.

"మేడం, మీ పద్ధతి బాగానే పనిచేసినాది. ఆ మాట అందరం ఒప్పుకుంటాం. మధ్యలో మావాడు వాల్వు తిప్పితే మీరేం చేస్తారు? అట్లనే రాసుకుందాం. వాణ్ని మారుస్తాం, మీరు మళ్లీ మొదలుపెట్టండి."

నేను ఆమె వైపు చూడలేదు. బల్ల మీది నీళ్ల సీసా చూస్తూ ఉన్నాను.

"వాల్వు తిప్పలేదు" అన్నారు ఆమె.

"అట్లయితే విషం ఎట్లొచ్చినాది?"

"బెడ్లు కడిగినారు. బ్లీచింగ్ వేసి. ఆయుధ పూజకు."

అసిస్టెంట్ ఇంజనీరు కాగితాలు సర్దుకున్నాడు. పెద్ద ఇంజనీరు గొంతు తగ్గించాడు.

"మేడం, మనం ఉండేది యాడ? తిరుపతిలో. పూజ వల్ల తాగేనీళ్లు చెడిపోయినాయని ఆఫీసు కాగితం మీద రాస్తే రేపు పొద్దునకు ఏమైతాదో తెలుసా మీకు?"

"పూజ వల్ల కాదు సార్. కడగడం వల్ల."

"కడిగింది ఎందుకు?"

"పూజకు."

"అదే గదా నేను సెప్తాండేది."

"కారణం రాయకుండా వదిలేస్తాను. కడిగినారని రాస్తాను. వాల్వు తిప్పలేదని కూడా రాస్తాను."

అప్పుడు అసిస్టెంట్ ఇంజనీరు మాట్లాడాడు. "మేడం, ఒక్క మాట. ఇట్ల ఒక పొద్దు కడిగితే చచ్చిపోయే పురుగుల్ని నమ్ముకొని ఊళ్లకు నీళ్లు ఇయ్యమంటారా? రేపు ఇంకెవడో ఇంకేదో చేస్తాడు. అప్పుడెట్ల?"

అది మంచి ప్రశ్న. ఆ గదిలో ఆ రోజు అతను అన్న ఒకే ఒక మంచి మాట అదే. ఆమె దానికి జవాబు వెతకలేదు. ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. జీపులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నది దానికేనని నాకు అప్పుడు అర్థమైంది.

"మీరన్నది నిజమే" అన్నారు. "వాటికి కాపలా కావాలి. గోడ మీద గీకరాదు అని రాయించమన్నాను గానీ కడగరాదు అని రాయించమనలేదు. అది నా తెలివి."

ఆమె రాసింది ఒక పేజీ. బల్ల మీద పెట్టి లేచారు. నా కాగితం కూడా దాని కింద పెట్టాను. వరండాలో ఆపరేటరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అతని పక్కనుంచి పోతూ, "పోయి పని చూసుకో అప్పా" అన్నారు. ఆగలేదు.

ఆపరేటరును తీసేయలేదు. రేణిగుంట వైపు ఒక పంప్‌హౌస్‌కు మార్చారు. నీళ్ల పక్కన పనే. తనను కాపాడింది అసిస్టెంట్ ఇంజనీరేనని అతను అనుకున్నాడు, ఎందుకంటే మార్చిన కాగితం మీద సంతకం అతనిది. ఆ బక్రీదుకు ఏఈ ఇంటికి బిరియాని పంపించాడని విన్నాను. దాన్ని సరిదిద్దడానికి నేను వెళ్లలేదు. ఆమె కూడా వెళ్లలేదు.

ట్రయల్ ఆపేశారు. ఆపినట్టు ఉత్తరం కూడా ఏమీ రాలేదు. తర్వాతి ఏడు అనుమతి పొడిగించలేదు, అంతే. నాకు మాత్రం ఒక సంగతి తేలింది. ఆ బ్యాక్టీరియా నిజంగా పనిచేసిందనడానికి నాకు దొరికిన గట్టి రుజువు అవి చచ్చిన వారంలోనే దొరికింది. అవి ఉన్నన్నాళ్లూ నేను వానను, సీసాలను, కొళాయిలను అనుమానించాను. అవి పోగానే విషం మొత్తం తిరిగి వచ్చింది. వాన పడలేదు, సీసాలు మారలేదు, కొళాయీ అదే. ఈ మాట ఆమెకు చెప్పాను. "మీకు నమ్మకం కలగడానికి అవి చావాల్సి వచ్చింది" అన్నారు. ఎత్తిపొడుపో, హాస్యమో ఆమె మొహం చూస్తే తెలిసేది కాదు.

ఆ తర్వాత మేము అప్పుడప్పుడు కలిసేవాళ్లం. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఆమె ఇచ్చిన పుస్తకాల్లో అక్కడక్కడ పెన్సిలుతో ప్రశ్నార్థకాలు ఉండేవి, ఎక్కడా మెచ్చుకోలు ఉండేది కాదు. పోయిన ఏడు ఆమె చనిపోయారు. సంతాప సభలో ఒకాయన ఆమెను గంగమ్మ తల్లితో పోల్చాడు. ఇంకొకాయన ఆమె బ్యాక్టీరియా జిల్లాకు నీళ్లిచ్చిందన్నాడు. అది నిజం కాదు. ఆపరేటరు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఎందుకు వచ్చావని అడిగితే, "నన్ను అప్పా అన్నింది సార్ ఆ మేడం. ఆఫీసులో ఎవరంటారు?" అన్నాడు. నన్ను మాట్లాడమన్నారు. రెండు వాక్యాలు చెప్పి దిగిపోయాను. చెప్పనివి ఇక్కడ రాశాను.

కొత్తగా చేరినవాళ్లకు ఒక్కటి చెబుతాను. ఏం చేశారు అని అడిగితే మనుషులు పనుల గురించే చెబుతారు. పండగకు చేసింది, రోజూ చేసేది, ఇంట్లో అమ్మ చేసినట్టు చేసింది, ఇవి వాళ్ల లెక్కలో చేసినట్టు కాదు. దాచారనుకుని మీరు వాళ్లను అనుమానిస్తారు. వాళ్లు దాచి ఉండరు. అయినా అనుమానించడం మానకండి. అడిగే ప్రశ్న మార్చండి.

ఆ ప్లాంటులో బెడ్ల స్థానంలో ఇప్పుడు మెషిన్ ఫిల్టర్లు ఉన్నాయి. నీళ్లు తేటగా, జోరుగా వస్తాయి, ఊళ్లవాళ్లు సంతోషంగా ఉన్నారు. వాన ఆలస్యమైన ఏడు డ్యాము మీద పచ్చటి తెట్టు ఇప్పటికీ కడుతుంది. మెషిన్ నాచును ఆపుతుంది. కరిగిన విషాన్ని ఆపుతుందో లేదో నాకు తెలియదు. ఆ పరీక్షకు కావలసిన కిట్లు ఆమె ట్రయల్ కింద వచ్చేవి, ట్రయల్‌తో పాటే ఆగిపోయాయి. ల్యాబులో ఇప్పుడున్నవాళ్లను ఈ మధ్య అడిగాను.

ఆ నీళ్లకు నాచు విషం పరీక్ష ఇప్పుడు చేయడం లేదు.